మానవేతర ఖాతాల యజమానురాలు

నేను రిటైరై ఏడేళ్లయ్యాక, అసలు రిటైరే కాలేదని మా ఆఫీసువాళ్లు కనిపెట్టారు.

ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పింది నాగుల్ మీరా. మా శీతల గిడ్డంగుల సమాఖ్యలో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. గుంటూరు చుట్టుపక్కల పందొమ్మిది గిడ్డంగుల్లో రైతుల మిరపకాయలు చల్లగా ఉన్నాయంటే సగం దేవుడి దయ, సగం అతని దయ. ఆ ఫోను వచ్చేసరికి నేను సంచీలో చీరలు సర్దుకుంటున్నాను. గురువారం రైలుకి ఖరగ్‌పూర్ వెళ్లాలి.

అక్కడ నా చెల్లెలు రూతు ఉంది. రెండేళ్లుగా దానికి మతిమరుపు జబ్బు. ఈమధ్య మనుషుల్ని పోల్చుకోవడం కూడా తగ్గిపోతోందని దాని కూతురు సునీతి ఫోన్ చేసింది. "నిన్నింకా గుర్తుపడుతోంది పెద్దమ్మా. ఆ గుర్తు ఇంకో మూడు నాలుగు నెలలే అన్నారు డాక్టరుగారు. వచ్చేదుంటే ఇప్పుడే రా" అంది. మా ఇంట్లో ఎవరు వెళ్లిపోయినా ఆ సమయానికి నేను అక్కడ లేను. నాన్న పోయినప్పుడు ఆఫీసులో ఉన్నాను. మా ఆయన పోయినప్పుడు మందులషాపులో చిల్లర కోసం నిలబడి ఉన్నాను. రూతు పెళ్లయి బండెక్కినప్పుడు పక్క ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎవరికో చెయ్యి ఊపాను. ఈసారైనా ముందుగా చేరాలని నా ఆత్రం.

"గురువారం వెళ్లేదానికి లేదమ్మా" అన్నాడు మీరా.

"ఏం నాయనా, బండ్లు ఆగినాయా?"

"బండ్లు కాదు. మిమ్మల్ని ఆపారు."

మర్నాడు ఆఫీసుకు వెళితే విషయం తెలిసింది. మా మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశరావు గారు సముద్రం పక్కన ఏదో హోటల్లో రెండురోజుల సదస్సుకి వెళ్లొచ్చారట. మానవేతర గుర్తింపుల భద్రత మీద సదస్సు. మానవేతరం అంటే దయ్యాలేమోనని నేను జడుసుకున్నాను. కాదట. గిడ్డంగిలో చలి ఎంతుందో పది నిమిషాలకోసారి కంప్యూటరుకి చెప్పే యంత్రం ఒకటుంటుంది. కంప్యూటరు దాన్ని లోపలికి రానివ్వాలంటే దానికీ ఒక పేరు, ఒక రహస్య పదం ఉండాలి. దాన్నే ఖాతా అంటారు. కాటా మీది బరువు పంపేదానికొకటి, తలుపులు తీసేదానికొకటి, మీ సరుకు క్షేమం అని రైతులకు మెసేజీ కొట్టేదానికొకటి. మనుషులు కాకపోయినా మనుషుల్లాగే లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. వాటి మీద ఎవరి అదుపూ లేకపోతే దొంగ ఎవడైనా వాటి వేషంలో దూరిపోతాడు. ఇంతవరకూ నాకు సబబుగానే తోచింది.

సదస్సు నుంచి వచ్చాక డైరెక్టరుగారు లెక్క తీయించారు. తీయించి, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు. "మన సమాఖ్యలో మానవ సిబ్బంది నూట పన్నెండుగురు. మానవేతర సిబ్బంది రెండువందల పద్నాలుగు. అనగా, ఈ సంస్థలో మనం అల్పసంఖ్యాకులం అన్న దిగ్భ్రాంతికరమైన వాస్తవం ఇందుమూలంగా వెలుగులోకి వచ్చినది" అన్నారు. హాల్లో చాలామంది పక్కవాళ్ల వంక అనుమానంగా చూశారు.

ఆ రెండువందల పద్నాలుగూ నా పేరు మీద ఉన్నాయి.

అదెలా జరిగిందో చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట మా ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చినప్పుడు, వాటిని బిగించడానికొచ్చిన ఇంజనీరు ప్రతి ఖాతాకీ ఒక బాధ్యుడి సంతకం కావాలన్నాడు. సంతకం అనేసరికి ఆఫీసర్లందరికీ ఒక్కసారే టీ గుర్తుకొచ్చింది. చివరికి రికార్డు రూములో కాయితాలు సర్దుకుంటున్న నన్ను పిలిచారు. నేను ఊడ్చే పనికి చేరినదాన్ని. పనికిరాదని పారేసిన సర్క్యులర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకుని రికార్డు అసిస్టెంటునయ్యాను. అప్పటిదాకా ఆ ఆఫీసులో నా సంతకం ఎవరికీ అవసరం పడలేదు. రెండువందల పద్నాలుగు చోట్ల పెట్టమంటే పండగలా అనిపించింది. బీరువా తాళాలకు పెట్టినట్టే పెట్టాను. రహస్య పదం ఏం పెట్టమంటారని ఇంజనీరు అడిగితే, అప్పటి మేనేజరు గారు "ఆవిడ పేరే పెట్టెయ్యండి, గుర్తుంటుంది" అన్నారు. అన్నిటికీ అదే పెట్టారు. ఎస్తేరు, పక్కన ఒకటి.

డైరెక్టరుగారు పెట్టిన కొత్త నియమావళి ఎనభై నాలుగు పేజీలుంది. అందులో పన్నెండో పేజీ ప్రకారం, యజమాని ఉద్యోగం మానిన ఇరవై నాలుగు గంటల్లో అతని కింద ఉన్న మానవేతర ఖాతాలన్నీ మూసెయ్యాలి. నావి మూస్తే పందొమ్మిది గిడ్డంగుల్లో చలి ఆగిపోతుంది. లక్షల బస్తాల మిర్చి పురుగుపట్టి రంగు పోతుంది. నియమం తప్పడానికి వీల్లేదు, మిర్చి పాడవడానికీ వీల్లేదు. కాబట్టి యజమాని ఉద్యోగం మానలేదు. డైరెక్టరుగారు ఆ ముక్క కాయితం మీద పెట్టారు. "శ్రీమతి కె. ఎస్తేరు గారి పదవీ విరమణ జరిగినప్పటికీ అమలులోకి రానట్లుగా పరిగణించడమైనది."

"నాకు శాలువా కప్పారు కదయ్యా. ఫొటో కూడా ఉంది" అన్నాను.

ఫొటో తెమ్మన్నారు. తెచ్చాను. దాన్ని ఫైల్లో పెట్టి, శాలువా కప్పడం గౌరవసూచకమే గాని విరమణకు రుజువు కాదని కింద రాశారు.

రహస్య పదం మార్చే విషయం మాత్రం రెండో దశలో చూస్తామన్నారు.

అలా గురువారం నేను రైలెక్కలేదు. రూతుకి ఫోన్ చేసి వారం ఆగి వస్తానని చెప్పాను. "మీ ఆఫీసోళ్లు నిన్ను వదలరే అక్కా. నువ్వంత గొప్పదానివయ్యావా?" అని నవ్వింది. అప్పటికి బాగానే ఉంది.

యజమాని ఖాతాలకు అందుబాటులో ఉండాలన్నది మరో నియమం. అందుకని కంప్యూటర్లుండే గదిలో నాకొక కుర్చీ వేశారు. ఆ గదిలో యంత్రాల కోసం ఎప్పుడూ చలి ఉంచుతారు. జూన్ నెల ఎండలో గుంటూరు మొత్తం ఉడికిపోతుంటే నేను స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుని కూర్చునేదాన్ని. రోజూ పదింటికి ఒక కాయితం మీద సంతకం చేయాలి. నేను మానవురాలిననీ, సజీవంగా ఉన్నాననీ, ఇతరుల ప్రోద్బలం లేకుండానే ఉన్నాననీ. దానికి సాక్షి సంతకం సూపరింటెండెంటు భ్రమరాంబ గారిది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని నాడి చూసి మరీ పెట్టేది.

నేను పోతే రెండువందల పద్నాలుగు ఖాతాలూ అనాథలవుతాయని మీరా నోరు జారి డైరెక్టరుగారితో అన్నాడు. అక్కణ్ణుంచి నా ఆరోగ్యం సమాఖ్య ఆస్తి అయింది. ముప్పై రెండేళ్లు పనిచేసినప్పుడు నాకు బి.పి. ఉందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఉదయం ఒక ఆఫీసరు, సాయంత్రం ఒక ఆఫీసరు అడుగుతున్నారు. ఆటో ఎక్కకూడదన్నారు. తడి నేల మీద నడవకూడదన్నారు. మిర్చి గిడ్డంగుల ఆఫీసులో ఉంటూ నేను కారం తినకూడదని సర్క్యులర్ తీశారు. ఆదివారం చర్చికి వెళతానంటే, ప్రసంగం ఎంతసేపు ఉంటుందో, మధ్యలో ఎన్నిసార్లు లేచి నిలబడాలో పాస్టరుగారి నుంచి రాయించుకు రమ్మన్నారు. వెయ్యి కిలోమీటర్ల రైలు ప్రయాణం మాట ఎత్తగానే డైరెక్టరుగారు ముఖం తుడుచుకుని, "సంస్థ మౌలిక సదుపాయాన్ని పట్టాల మీద పెట్టలేమమ్మా" అన్నారు.

సరే, వేరేవాళ్లకి అప్పగించి పోతానన్నాను. అది చట్టప్రకారం కుదురుతుందన్నారు. ఛార్జి తీసుకోవలసింది భ్రమరాంబ గారు.

భ్రమరాంబ గారంటే తెలియనివాళ్లకి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో లెక్కపెట్టకుండా దేనికీ సంతకం చేయని మనిషి. ఒకసారి చీపుళ్ల ఛార్జి తీసుకుంటూ పుల్లలు రాలిన చీపురుని చీపురుగా ఒప్పుకోనని మూడు నెలలు ఫైలు నడిపింది. ఆవిడ నా జాబితా చూసి కళ్లజోడు సరిచేసుకుంది.

"రెండువందల పద్నాలుగు అంటున్నారు. ఏవీ, చూపించండి" అంది.

"అవి కనపడవు మేడం. కంప్యూటర్లో ఉంటయ్" అన్నాడు మీరా.

"కనపడనిదాన్ని నాకు అప్పగించి, రేపు ఒకటి తక్కువైతే నా పెన్షన్ ఆపుతారు. భౌతిక తనిఖీ లేకుండా నేను సంతకం పెట్టను నాయనా."

ఆవిడ మాటలో న్యాయం ఉందని డైరెక్టరుగారు ఒప్పుకున్నారు. ప్రతి మానవేతరానికీ ఒక ఫారం తయారైంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, గుర్తించదగిన పుట్టుమచ్చలు రెండు, పాస్‌పోర్టు సైజు ఫొటో. మీరా ఫొటోగ్రాఫరుని వెంటేసుకుని గిడ్డంగులన్నీ తిరిగి, ఏ యంత్రానికి ఏ ఖాతాయో చూసి ఫొటోలు తీయించాడు. ఒంటి నిండా మిర్చిదుమ్ముతో ఉన్న ఒక కాటాకి ముఖం స్పష్టంగా లేదని ఫారం తిరగ్గొట్టారు. ఏ యంత్రమూ లేకుండా ఉత్త లెక్కలు చేసే ఖాతాలకి ఖాళీ గోడ ఫొటో తీశాడు. గోడలన్నీ ఒకేలా ఉన్నాయని, ఒకే మనిషిని పదిసార్లు చూపిస్తున్నారని భ్రమరాంబ గారు అభ్యంతరం రాసింది.

అందులోనే నెల గడిచింది. జులై ఆఖర్లో ఫోన్ చేస్తే రూతు కాసేపు మాట్లాడి, "ఇంతకీ నువ్వు ఏ ఊళ్లో ఉంటున్నావే అక్కా?" అని అడిగింది. గుంటూరు అన్నాను. "ఆ ఊళ్లో మాకూ ఒక ఇల్లుండేది" అంది మర్యాదగా.

ఎనభై ఎనిమిదో ఖాతా దగ్గర పని ఆగిపోయింది. అది ఏం చేస్తుందో మీరాకీ తెలియదు. ఇరవై ఏళ్లుగా ఏదో చేస్తూనే ఉంది. ఏం చేస్తుందో రాయకపోతే ఫారం చెల్లదు. ఆపి చూస్తే తెలుస్తుంది కదా అన్నారు డైరెక్టరుగారు. వద్దు సార్ అన్నాడు మీరా. ఒక్క నిమిషమే అన్నారు ఆయన. ఆపారు. నిమిషం గడిచింది, ఏమీ కాలేదు. అనవసర సిబ్బందిని గుర్తించామని డైరెక్టరుగారు సంతోషిస్తూ ఉండగా, ఆఫీసు వెనక ఉన్న ఒకటో నంబరు గిడ్డంగి తలుపులు నాలుగు వైపులా వాటంతటవే తెరుచుకున్నాయి. తలుపులు మూసి ఉంచడమే ఆ ఖాతా పని. కొత్త పంట మిర్చి ఘాటు లోపలికి కొట్టింది. సాయంత్రం దాకా ఆఫీసులో మాట వినపడలేదు, తుమ్ములు తప్ప. డైరెక్టరుగారు తుమ్ముతూనే ఒక నోట్ డిక్టేట్ చేశారు. ఎనభై ఎనిమిదో ఉద్యోగి సేవలు ప్రశంసనీయమట.

ఆ తర్వాత ఛార్జి మాట ఎవరూ ఎత్తలేదు. భ్రమరాంబ గారైతే జాబితాని పట్టకారుతో పట్టుకుని నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఆగస్టులో డైరెక్టరుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఈ రెండువందల పద్నాలుగింటినీ చూసుకోవడానికి ఒక కొత్త మానవేతర ఖాతా సృష్టిస్తే, నేను అక్కర్లేదు గదా అని. సృష్టించారు. దానికి సంరక్షకుడు అని పేరు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను సంచీ తీసుకుని లేచాను. మీరా తల గోక్కుంటూ, ఆ కొత్తదానికి కూడా ఒక మానవ యజమాని ఉండాలని పన్నెండో పేజీలో ఉందన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. నా పేరు రాశారు. అలా రెండువందల పదిహేను అయ్యాయి.

ఆ రాత్రే రూతుకి ఫోన్ చేశాను. చాలాసేపు వింది. తర్వాత, "ఎవరండీ మాట్లాడేది?" అంది. అది నన్నెన్నడూ అండీ అనలేదు.

సునీతి ఫోన్ తీసుకుని, ఇవాళ కాస్త బాగాలేదు పెద్దమ్మా, రేపటికి సర్దుకుంటుందిలే అంది. దాని గొంతులో ఆ నమ్మకం లేదు.

మర్నాటి నుంచి నేను ఆ ఎనభై నాలుగు పేజీలూ చదవడం మొదలుపెట్టాను. అంతవరకూ దాన్ని ఆసాంతం చదివినవాళ్లు ఆఫీసులో లేరు. డైరెక్టరుగారు కూడా ముందుమాట, అందులో తన ఫొటో చూసి సంతకం పెట్టారు. చలిగదిలో స్వెట్టరు వేసుకుని, ఒక్కో పేజీ రెండేసి సార్లు చదివాను. అరవై ఒకటో పేజీలో దొరికింది. తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం వంటివి వచ్చినప్పుడు పని ఆగకుండా, అత్యంత కీలకమైన మానవేతర ఖాతాను కనీసం ఐదువందల కిలోమీటర్ల దూరంలో, వేరే రాష్ట్రంలో ఉంచాలి. అలా తరలించడానికి ఛార్జి అప్పగింత గాని, భౌతిక తనిఖీ గాని అవసరం లేదు.

మీరాని పిలిచి చూపించాను. "ఖరగ్‌పూర్ వెయ్యి పైచిలుకు ఉంటుంది నాయనా" అన్నాను.

చదివాడు. "బాగానే ఉందమ్మా. కానీ ఇది మనుషులు కానోళ్లకి."

"మనిషి కాకపోవడానికి ఏం కావాలో కూడా ఉందిగా. ముప్పై మూడో పేజీ తియ్యి."

తీసి పైకే చదివాడు. జీతం తీసుకోకూడదు. నేను తీసుకోవడం లేదు, రిటైరయ్యానుగా. సెలవు వాడుకోకూడదు. నాకు ఇవ్వలేదు, రిటైర్ కాలేదుగా. పిలిచినప్పుడు ఏ వేళనైనా పలకాలి. ఏం చేస్తున్నదో, ఎందుకు చేస్తున్నదో దానికి తెలియనక్కర్లేదు, ఆజ్ఞ ఉంటే చాలు. చివరిది, పదవీ విరమణ తేదీ ఉండకూడదు.

మీరా పుస్తకం మూశాడు. "మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుందమ్మా" అన్నాడు.

ఫైలు పెట్టాడు. డైరెక్టరుగారు భయపడతారనుకున్నాను గాని, ఆయనకి ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక మానవ ఉద్యోగిని మానవేతర విభాగంలోకి విజయవంతంగా మార్చిన తొలి సంస్థ మనదే అవుతుందన్నారు. వచ్చే సదస్సులో దీని మీద తానే మాట్లాడతానన్నారు. భ్రమరాంబ గారు ఫైలు తిరగేసి, ఛార్జి లేదు, తనిఖీ లేదు, తన సంతకం అక్కర్లేదు అని నిర్ధారించుకుని, ఆ ఏడాదిలో మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడింది. "ఒక విధంగా అదృష్టవంతులండీ. ఇక రోజూ బతికున్నట్టు రాసివ్వక్కర్లేదు" అంది.

ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది. నేను మానవేతరాన్నయితే నాకూ ఒక మానవ యజమాని కావాలి. డైరెక్టరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. భ్రమరాంబ గారు టీకి వెళ్లింది. మీరా జేబులోంచి పెన్ను తీసి తన పేరు రాసుకున్నాడు.

"ఏం చేశావు మీరా? నా కింద ఉన్నవన్నీ నీ మెడకి చుట్టుకుంటాయి. నిన్నిక వదలరు" అన్నాను.

"నాకింకా ఇరవై ఆరేళ్ల సర్వీసుందిలే అమ్మా. ఆలోపు ఇంకో సర్క్యులర్ రాకపోద్దా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ముందు బండెక్కండి" అన్నాడు.

తరలింపు ఉత్తర్వు వచ్చేసరికి అక్టోబరు వచ్చింది. సరుకు పంపే సెక్షనువాళ్లు నన్ను ఏ పెట్టెలో పెట్టాలి, నిలువుగానా అడ్డంగానా అని అడిగారు. స్లీపరు క్లాసులో కింది బెర్తు అని మీరా రాయించాడు. తేమ తగలకూడదని ఒక చీటీ నా సంచీకి కట్టారు. డైరెక్టరుగారు ఆఫీసు గేటు దగ్గర జెండా ఊపారు. మీరా మాత్రం స్టేషనుకి వచ్చి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను ఎవరైనా సాగనంపడం అదే మొదలు. నాకేం చేయాలో తోచక, అతనికి బి.పి. మాత్రలు వేళకి వేసుకోమని చెప్పాను. బి.పి. ఉన్నది నాకు, అతనికి కాదు.

మర్నాడు ఖరగ్‌పూర్‌లో సునీతి ఎదురొచ్చింది. దారి పొడుగునా నన్ను సిద్ధం చేస్తూనే ఉంది. పదిహేను రోజులుగా అమ్మ ఎవరినీ పోల్చుకోవడం లేదు, నువ్వు ఏడవకు పెద్దమ్మా అని. నేను ఏడవనన్నాను.

రూతు వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి చేతులు ఆపింది. "ఎవరొచ్చారో చెప్పుకో చూద్దాం" అంది సునీతి. అడగొద్దని దానికి సైగ చేశాను. ఎవరివో రుజువు చేసుకో అని నన్ను నాలుగు నెలలు అడిగారు. ఆ కష్టం నా చెల్లెలికి నా వల్ల రాకూడదనుకున్నాను.

రూతు చాప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. నా కొంగు అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలపసాగింది. చిన్నప్పుడు అది మా అమ్మ కొంగుని అలాగే నలిపేది.

"అమ్మా, అక్క రాలేదే" అంది. "వస్తా వస్తా అంటది. రాదు."

నేను ఎస్తేరునని చెప్పబోయాను. మనిషిని కాదని ఆఫీసులో నాకు నేనే రాయించుకున్నదాన్ని. నా చెల్లెలు నన్ను అమ్మ అనుకుంటే కాదనడానికి నాకేం హక్కుంది?

"వస్తుందిలే. ఆఫీసులో ఏదో పనుందట" అన్నాను.

"దానికెప్పుడూ ఆఫీసే."

"అవును. బుద్ధిలేనిది. ఆ కాయితాలే లోకం అనుకుంటుంది" అన్నాను.

రూతు నా కొంగు వదిలేసి, కోపంగా నా ముఖంలోకి చూసింది.

"అక్కనేమీ అనబాక" అంది.

నేను ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.